ఎడంగా నిలబడ్డ వాళ్ళం

మా పేటను మూసేసిన రోజు పొద్దున కూడా మేం పసుపు కోట్లు తొడుక్కుని వెళ్ళి ఊరు ఊడ్చి వచ్చాం. తిరిగొచ్చేసరికి పేట మొగదల సిమెంటు దిమ్మెలు అడ్డంగా దింపి ఉన్నాయి. పక్కన పోలీసు వ్యాను, మూతులకి మాస్కులతో పోలీసులు. కరోనా నిబంధనలు ఊరందరికీ ఉన్నాయి, కాదనను. కానీ సెంటర్లో వాళ్ళు రొట్టె కొనుక్కోవచ్చు, మందుల షాపుకి వెళ్ళొచ్చు, కుక్కని షికారుకి తిప్పుకోవచ్చు. మాకు మాత్రం పేటకి పేటే బందు.

"ఎందుకయ్యా మాకే ఇలా?" అని అడిగాం.

"మీవాళ్ళు జర్మనీ నుంచి రోగం మోసుకొచ్చారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నా కొడుకు ఓర్లిన్ జర్మనీలో కబేళాలో పందులు కోసేవాడు. పని ఆగిపోతే బస్సెక్కి బల్గేరియాకి, ఇంటికి వచ్చాడు. నిజమే. అదే వారంలో ఆస్ట్రియా మంచుకొండల మీద జారుడాటలాడి లాయర్లూ వ్యాపారస్తులూ కూడా వచ్చారు. వాళ్ళ అపార్టుమెంట్ల ముందు రోడ్డు ఊడ్చేదాన్ని నేనే. అక్కడ దిమ్మె కాదు కదా, ఇటుక ముక్క కూడా ఎవడూ అడ్డం పెట్టలేదు. వాళ్ళు సాయంత్రమయ్యేసరికి బాల్కనీల్లోకి వచ్చి డాక్టర్ల కోసం చప్పట్లు కొట్టేవాళ్ళు. కింద చెత్త ఎత్తుతున్న మా నెత్తిన ఆ చప్పట్లు రాలిపడేవి. మంచిదే, డాక్టర్లకి కొట్టాల్సిందే. కానీ ఆసుపత్రి నేల తుడిచే ఆడవాళ్ళంతా మా పేటవాళ్ళే అని చప్పట్లు కొట్టే ఒక్క చేతికీ తెలీదు.

మా పేట చుట్టూ నిలువెత్తు ఇటుక గోడ. మా తాతల కాలంలో, రైల్లో పోయే పెద్దమనుషుల కళ్ళకి జిప్సీలని వాళ్ళు ఈసడించే మా రోమా జనం ఇళ్ళు ఆనకూడదని కట్టించారట. ఉన్న దారల్లా ఒక్కటే. దాన్ని మూసేస్తే ఇక మేం మూతి కట్టేసిన సంచిలో పిల్లులమే.

మర్నాడు పొద్దున కాంట్రాక్టరు లారీ దిమ్మెల అవతల ఆగింది. మేస్త్రీ ప్లామెన్ దిగి కేకేశాడు. "పసుపు కోటు ఉన్నవాళ్ళు వచ్చి ఎక్కండి! మిగతావాళ్ళు లోపలికి!"

మా ముఠాలో అందరికంటే పెద్దది నాజా అక్క. నోరూ పెద్దదే. చీపురు భుజాన వేసుకుని ఇన్‌స్పెక్టరు ముందు ఆగింది.

"అంటే ఏంటి అబ్బాయ్, కోటు తొడుక్కుంటే మాకు రోగం లేదు, విప్పితే ఉన్నట్టా?"

"మాటలొద్దు. నడు."

"నడుస్తాలే. రాత్రికి ఈ కోటు నా మొగుడికి కప్పుతా. వాడికి కూడా నయమైపోతుంది."

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. ఆమె మొగుడు యాషార్ బావది చితికిపోయిన గుండె. నూలుమిల్లు మూతపడేదాకా రంగుల గదిలో పనిచేసిన మనిషి. ఊళ్ళో గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఆయన చూస్తేనే మందులు మార్చి ఇస్తారు. ఆ దారి మూసుకుపోయింది. బావకి పది అడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే ఆయాసం. కుర్చీలో కూచునే నిద్రపోయేవాడు.

నాజా అక్క రోజూ లారీ ఎక్కేముందు అడిగేది, దిగాక అడిగేది. "ఒక్క గంట వదులు నాయనా. డాక్టరుకి చూపించి తీసుకొచ్చేస్తా."

"ప్రాణం మీదికొస్తే అంబులెన్సు పిలవండి."

"నడిచి వస్తాడయ్యా, ఊళ్ళోనేగా?"

"నడవగలిగితే ప్రాణం మీదికి రానట్టే."

విన్నారా? నడవగలిగితే డాక్టరు అక్కర్లేదు. నడవలేకపోతే పేట దాటడం కుదరదు. ఆ ఇన్‌స్పెక్టరు చదువుకున్నవాడే. ఏ బళ్ళో చెప్పారో ఈ లెక్క.

యాషార్ బావ మణికట్టు మీద మార్చి దారం ఇంకా అలాగే ఉంది. ఎరుపూ తెలుపూ పేనిన దారం, ఏడాదంతా ఆరోగ్యంగా ఉండాలని మార్చి మొదటి రోజున నాజా అక్కే కట్టింది. పూసిన చెట్టు కనబడితేనే కదా విప్పి కొమ్మకి కట్టేది! మా గోడ లోపల చెట్టన్నది లేదు.

"సెంటర్లో చెర్రీ చెట్టు పూసిందటగా," అని అడిగాడు నన్ను.

"విరగబూసింది బావా. రాలిన రేకులు ఊడవలేక చస్తున్నాం."

"నాది నువ్వు పట్టుకెళ్ళి కట్టకూడదూ?"

నాజా అక్క గయ్యిమంది. "ఎవరిది వాళ్ళే కట్టాలి! నీ కాళ్ళ మీద వచ్చి నువ్వే కట్టుకో. తీసుకెళ్ళే పూచీ నాది."

ఆ పూచీ కోసమే నా కోటు ఇచ్చాను. ఒక పొద్దున నేను ఇంట్లో ఉండిపోయాను. యాషార్ బావ నా పసుపు కోటు తొడుక్కుని, నా టోపీ కనుబొమల దాకా లాక్కుని, నా చీపురు పట్టుకుని ఆడవాళ్ళ మధ్యలో నడిచాడు. గోడ పక్కన నిలబడి చూస్తున్నాను. మాస్కులు పెట్టుకోమన్నది వాళ్ళే కాబట్టి ముఖం దాచడం సులువైంది. దిమ్మెలు దాటాడు! పోలీసులు కోటు చూశారు, మనిషిని చూడలేదు. ఎన్నాళ్ళ నుంచో మమ్మల్ని అలాగే చూస్తున్నారు, ఆ పూట అది పనికొచ్చింది.

లారీ ఎత్తు. కింద నుంచి ఇద్దరు నెట్టారు, పైనుంచి ఇద్దరు లాగారు. ఎక్కాడు. ఎక్కాక ఊపిరి అందలేదు. ఆ ఆయాసం దిమ్మెల దాకా వినబడింది.

ప్లామెన్ తొంగి చూశాడు. గుర్తుపట్టాడు. మిల్లులో బావ పక్కనే పనిచేసినవాడు, గుర్తుపట్టకేం చేస్తాడు? ఒక్క క్షణం తల తిప్పుకున్నాడు. ఆ క్షణంలో డ్రైవరుకి పోనీమని చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

"దిగు యాషార్. నా ఉద్యోగం పోతుంది."

"ప్లామెన్..."

"దిగు, నీకు దణ్ణం పెడతా."

ఈలోపు పోలీసు వచ్చేశాడు. "వీడు చూడు ఎలా రొప్పుతున్నాడో! రోగం వీడికే!" అని అరిచాడు. గుండె జబ్బురా బాబూ అని ఆడవాళ్ళంతా మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. నా కోటు లాక్కుని నేలకేసి కొట్టారు, ఆడవాళ్ళు ఏరుకొచ్చి నాకిచ్చారు. బావ ఇంటి గుమ్మానికి ఎర్ర రిబ్బను చుట్టి, ఎవరూ లోపలికి పోకూడదన్నారు. మంచి చేయబోయి ఆ మనిషిని ఇంకో గోడలోకి తోశాం.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, చిక్కుడుగింజల పులుసు పొయ్యి మీద ఉండగా, నాజా అక్క కేక వినబడింది. రిబ్బను తెంపుకుని పరిగెత్తాను. బావ కుర్చీలోంచి ఒరిగిపోయి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఓర్లిన్ అంబులెన్సుకి ఫోను చేశాడు.

"దిమ్మెల దాకా వస్తారట అమ్మా. లోపలికి రారట. మోసుకురమ్మన్నారు."

దేని మీద మొయ్యాలి? నాజా అక్క వీధి తలుపు వైపు చూసింది. ఓర్లిన్, ఇంకో ముగ్గురు కలిసి తలుపు ఊడబెరికారు. దుప్పటి పరిచి దాని మీద పడుకోబెట్టారు. బయల్దేరారు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. మాలో జబ్బు మనిషిని ఒంటరిగా పంపం. ఆసుపత్రికి ఒకడు పోతే వీధి వీధంతా పోయి గేటు దగ్గర నిలబడతాం. లోపలున్నవాడు కిటికీలోంచి చూస్తే తనవాళ్ళు కనబడాలి. కనబడకపోతే దిక్కులేనివాణ్ణి అనుకుని వాడు సగం చస్తాడు. మా అమ్మలూ అమ్మమ్మలూ అలాగే చేశారు. ఆ రోజూ ఎవరూ ఎవర్నీ పిలవలేదు. తలుపు వీధిలోకి రాగానే గుమ్మం గుమ్మం నుంచి జనం దిగారు. ముసలాళ్ళు, చంకలో పిల్లలతో తల్లులు, నిండు నెలల నా కోడలు సిల్వినా కూడా. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. మగవాళ్ళు "జరగండి, దారివ్వండి" అని అరుస్తున్నారు. దిమ్మెల దగ్గరికి చేరేసరికి మా వెనక పేటంతా ఉంది.

దిమ్మెల అవతల అంబులెన్సు ఆగి ఉంది. వెనక తలుపు తీసి ఉంది. తెల్లబట్టల మనిషి స్ట్రెచరు దింపుతున్నాడు. కళ్ళారా చూశాను.

ఇన్‌స్పెక్టరు మమ్మల్ని చూశాడు. అతనికి తలుపు మీది మనిషి కనబడలేదు. మంద కనబడింది. "తోసుకొస్తున్నారు! వెనక్కి! అంబులెన్సు వెనక్కి తియ్యండి!" అని కేకలు వేశాడు. పోలీసులు డాళ్ళు అడ్డం పెట్టారు. "జబ్బు మనిషయ్యా!" అని మేం ముందుకి జరిగాం. మేం జరిగినకొద్దీ వాళ్ళు లాఠీలు ఎత్తారు. స్ట్రెచరు మళ్ళీ లోపలికి పోయింది, బండి తలుపు పడింది. అంబులెన్సు వెనక్కి వెనక్కి పోయి మలుపు తిరిగింది.

యాషార్ బావ ఆ తలుపు మీదే పోయాడు. చుట్టూ మేమందరం ఉన్నాం. ఒంటరిగా పోనివ్వలేదు మరి.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం నాజా అక్క పెరట్లో కూడాం. ఆమె గుమ్మానికి దుప్పటి వేలాడుతోంది. తలుపు గోడకి చేరవేసి ఉంది. బావ చేతి దారం విప్పి ఆమె తన చీపురు కర్రకి కట్టుకుంది.

కిరో మామ వచ్చాడు. ఎన్నికలప్పుడు పేట ఓట్లు మూటగట్టి మేయరుకి అప్పజెప్పే పెద్దమనిషి. "ఆవేశపడకండి. మేయరుతో మాట్లాడాను. మనవాళ్ళకి పిండి బస్తాలు పంపమన్నా."

"పిండి ఎందుకు మామా, పిండాలు పెట్టుకోడానికా?" అంది ఒకామె.

ఓర్లిన్ లేచాడు. "రాళ్ళు తీసుకోండి. గోడ నిండా ఇటుకలే. ఒక్క దెబ్బకి దిమ్మెలు దాటుదాం."

"దాటి?" అంది నాజా అక్క. "దాటి ఎక్కడికెళ్తావురా? వాళ్ళు ఎదురుచూసేది దానికే. నువ్వు ఒక రాయి వేస్తే వాళ్ళు సైన్యాన్ని దింపుతారు. అప్పుడు ఊరంతా వాళ్ళకి చప్పట్లు కొడుతుంది."

"మరి చేతులు కట్టుకు కూచోమంటావా పెద్దమ్మా? మొన్న మనం అంతమందిమి..."

"అంతమందిమి పోబట్టే అంబులెన్సు వెనక్కి పోయింది," అన్నాను నేను. అనకూడదనుకున్నాను, నోరు జారింది. అందరం తలలు దించుకున్నాం. అందరి గుండెల్లోనూ ఉన్నది అదే.

నాజా అక్క నా వైపు చూసింది. "మనం చంపలేదు బొజూరా. ఆ మాట ఇంకోసారి అన్నావంటే చెంప పగలగొడతా. ప్రేమతో పోయాం. ప్రేమతో పోతే వాళ్ళకి దొమ్మీలా కనబడింది. వాళ్ళ కళ్ళకి ఇక అలా కనబడొద్దు." చీపురు కర్ర మీది దారం ముడి బిగించింది. "ఎడంగా ఉండమంటున్నారుగా, ఉందాం. మనిషికీ మనిషికీ రెండు మీటర్లు. పసుపు కోటున్నవాళ్ళం రోడ్డు మీదికి రావచ్చు, అది వాళ్ళు చెప్పిందే. వస్తాం. నిలబడతాం. లారీ మాత్రం ఎక్కం. కోటు లేనివాళ్ళు ఎవరి గుమ్మం ముందు వాళ్ళు నిలబడండి."

"ఏం అడుగుదాం?" అన్నాడు కిరో మామ, వెక్కిరింపుగా. "రాజ్యం అడుగుదామా?"

"ఒక్కటే. అంబులెన్సు ఆగాలి. జబ్బు మనిషి దాటాలి. అంతే."

సిల్వినాకి నెలలు నిండాయి. మొదటి కాన్పు. ఇక తలుపు మీద మొయ్యాల్సింది దాన్నే కదా.

మర్నాడు పొద్దున లారీ వచ్చేసరికి దిమ్మెల దగ్గర నుంచి పేట లోపలికి వరసగా నిలబడి ఉన్నాం. ముందు నాజా అక్క. రెండు మీటర్ల ఎడం, తర్వాత నేను. మళ్ళీ ఎడం, మళ్ళీ ఒకరు. ఎడం పాటించేసరికి వరస సాగి సాగి రొట్టెల కొట్టు దాటి, మలుపు తిరిగి, ఎక్కడికో పోయింది. ఇంతమందిమి ఉన్నామని మాకే తెలీదు. ఆ వెనక గుమ్మం గుమ్మానికీ ఒక మనిషి. గుంపుగా ఉంటే ఒక్క మూలలో సరిపోయేవాళ్ళం, విడివిడిగా నిలబడితే పేట చాల్లేదు. చప్పుడు లేదు. చీపుళ్ళు నిలువుగా పట్టుకున్నాం.

"ఎక్కండర్రా!" అన్నాడు ప్లామెన్. ఎవరూ కదల్లేదు. "నాజా, నీకు దణ్ణం పెడతా."

"దణ్ణాలు ఆ రోజే అయిపోయాయి ప్లామెన్."

ఇన్‌స్పెక్టరు బూటు అడుగులతో మా మధ్య ఎడం కొలిచాడు. ఒక్కచోటైనా తక్కువ దొరుకుతుందేమోనని మలుపు దాకా కొలుచుకుంటూ పోయాడు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. దొరకలేదు.

లారీ ఖాళీగా పోయింది. తర్వాత రోజూ అంతే. సెంటర్లో చెత్త డబ్బాలు పొంగిపొర్లాయి. ఆసుపత్రి మెట్ల మీద వాడిపడేసిన మాస్కులు గుట్టలు పడ్డాయట. ఉద్యోగాలు తీసేస్తామన్నాడు కాంట్రాక్టరు. పక్క ఊళ్ళ నుంచి మనుషుల్ని తెస్తామన్నాడు. ఊరికీ ఊరికీ మధ్య దారులు మూసింది వాళ్ళే, ఎవర్ని తెస్తారు? ఆ మాటకి చాలా రోజుల తర్వాత నవ్వుకున్నాం. ఇళ్ళలో మాత్రం పొయ్యిలు చల్లబడుతున్నాయి. వాన వస్తే వానలో, ఎండ వస్తే ఎండలో. గెలుస్తామన్న నమ్మకం నాకైతే లేదు. వెళ్ళి నిలబడడం తప్ప ఇంకేం చెయ్యాలో తెలీక నిలబడ్డాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఒక ఉదయం తల నుంచి కాలి దాకా తెల్ల సూట్లు వేసుకున్న పోలీసులు నాజా అక్క దగ్గరికి వచ్చారు. రోగం వ్యాపింపజేస్తున్నావు, నడు అన్నారు.

"ఎడం! ఎడం!" అని అరిచింది నాజా అక్క. "మీకు లేవా రెండు మీటర్లు?"

చెరో రెక్కా పట్టుకుని వ్యాను వైపు ఈడ్చారు. వరస మొత్తం ఒక్కసారి ముందుకి ఊగింది. మా మనిషి పోతోంది, ఒంటరిగా పోతోంది. నా కాలు లేచింది. ఓర్లిన్ ఉరికాడు.

"ఆగండి!" అని నాజా అక్క గొంతు చించుకుంది. "ఎవరూ కదలొద్దు! ఒరేయ్ ఓర్లిన్, నీ పెళ్ళాం మీద ఒట్టు! ఎక్కడున్నవాళ్ళు అక్కడే!"

ఆగాం. జన్మలో ఎప్పుడూ చెయ్యని పని చేశాం. మా మనిషిని తీసుకుపోతుంటే వెంట పోకుండా, పళ్ళు బిగబట్టి, నిలబడి చూశాం. కన్నీళ్ళు మాస్కులోకి కారి తడిసి ఊపిరాడలేదు. వ్యాను పోయాక ఆమె చోట ఆమె చీపురు నిలబెట్టాం, దారం గాలికి ఊగుతూ ఉంది. ఆ చోట్లోకి ఎవరూ జరగలేదు.

ఆ మధ్యాహ్నమే సిల్వినాకి నొప్పులు మొదలయ్యాయి.

నాజా అక్క తలుపు మళ్ళీ లేచింది. మోసే నలుగురికీ పసుపు కోట్లు తొడిగాం, ఓర్లిన్‌కి ఎవరిదో ఇరుకు కోటు. తలుపు వరస పొడుగునా వస్తోంది. దాని వెనక ఒక్క మనిషి లేడు. గుమ్మాల్లో ఎక్కడివాళ్ళు అక్కడే. ఏడుపు కూడా లేదు, పిల్ల మూలుగు ఒక్కటే వినబడుతోంది.

అవతల అంబులెన్సు ఆగి ఉంది. ఇన్‌స్పెక్టరు తలుపు వెనకాల గుంపు కోసం వెతికాడు. వరసని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు. ఒక్కరు కదిలితే చాలు అతనికి. అందరికంటే ముందున్నది నేనే.

సిల్వినా తల తిప్పి నన్ను చూసింది. చెయ్యి చాచింది. "అత్తా! నువ్వు రా అత్తా! నాకు భయంగా ఉంది!"

నా కోడలు. నా ఇంటి పిల్ల. చెయ్యి చాస్తే అందేంత దూరం. నేను చీపురు కర్ర రెండు చేతులా పట్టుకున్నాను. "వెళ్ళు తల్లీ," అన్నాను. అది విందో లేదో.

"పేషెంటు ఒక్కతే," అన్నాడు ఇన్‌స్పెక్టరు చివరికి. దిమ్మెల మధ్య డాళ్ళు తొలగాయి. ఓర్లిన్‌ని అక్కడే ఆపేశారు. స్ట్రెచరు మీదికి మార్చారు. బండి తలుపు పడింది. అంబులెన్సు ముందుకి పోయింది. దాని వెనక మావాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఆసుపత్రి కిటికీ కింద ఎవరూ నిలబడరు.

రాత్రి ఫోను వచ్చింది. ఆడపిల్ల. మేమెవరం ఇంకా కళ్ళతో చూడలేదు.

మర్నాడు పొద్దున ప్లామెన్ లారీ దిగి నా ముందుకొచ్చాడు. "మీరడిగింది అయిందిగా బొజూరా. అంబులెన్సు ఆగింది. పిల్ల దాటింది. ఇక ఎక్కండి."

నేను వెనక్కి తిరిగి చూశాను. వరస మలుపు దాకా ఉంది, ఎడం ఎడంగా. నా ముందు ఖాళీ చోట్లో దారం కట్టిన చీపురు.

"ఒక మనిషి తక్కువయ్యింది ప్లామెన్," అన్నాను. "నాజా అక్కని రానీ."

నా వెనకామె ఆ మాట అందుకుంది. ఆమె వెనక ఇంకొకామె. మాట రొట్టెల కొట్టు దాటి, మలుపు తిరిగి, గుమ్మం గుమ్మం దాటి గోడ దాకా పోయింది. లారీ ఖాళీగా వెనక్కి తిరిగింది.